తడిపిన తాడు

ఖాసిం వలి ఒంటి మీద దెబ్బలు ఏడు. మూడు తల మీద, నాలుగు ఎడమచేతి వేళ్ళ మీద. తల మీద పడ్డవి ప్రాణం తియ్యడానికి కొట్టినవి, అందులో అనుమానం లేదు. పుర్రె చిట్లి కుడికన్ను లోపలికి పోయింది. వేళ్ళ సంగతి వేరు. చిటికెనవేలితో మొదలుపెట్టి చూపుడువేలి దాకా, వరస తప్పకుండా, వేలికి ఒక దెబ్బ. కొట్టినవాడు తొందరపడలేదు. వేలికీ వేలికీ మధ్య ఆగి, ఏదో అడిగి, జవాబు కోసం చూసి, మళ్ళీ కొయ్యసుత్తి ఎత్తాడు.

భీమేశ్వరరావు ఫోటోలు కవర్లో పెట్టేసి గడియారం చూసుకున్నాడు. గురువారం పొద్దున్న పది దాటి పది నిమిషాలు. పన్నెండు లోపల ఏదో ఒకటి తేల్చకపోతే పోలీస్ స్టేషన్లో తన బల్లకి అవతల కూచున్న వెంకటదుర్గ ఫైలు పబ్లిక్ ప్రాసిక్యూషన్‌కి వెళ్ళిపోతుంది. హత్యానేరం కింద అక్కడికి వెళ్ళిన పనిమనిషి ఎన్నేళ్ళకి బయటికొస్తుందో, అసలు వస్తుందో రాదో అతనికి తెలుసు.

భీమేశ్వరరావుకి యాభై నాలుగేళ్ళు. ఒకప్పుడు అమలాపురంలో సబ్ ఇన్‌స్పెక్టరు. పై ఆఫీసరుతో పడక టోపీ తీసి బల్ల మీద పెట్టేసి, పదకొండేళ్ళ కిందట కువైట్ వచ్చి, ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి దర్యాప్తులు చేసిపెడుతున్నాడు. ఫ్రాన్సు నుంచి వచ్చిన పాతసామాన్ల కంటైనరు ఆ కంపెనీ దగ్గరే ఇన్సూరైంది. అందులోని బీరువాలో శవం దొరికితే దాన్ని ఏ రకం నష్టం కింద రాయాలో ఆఫీసులో ఎవరికీ తోచలేదు. తోచనివన్నీ ఇతని నెత్తినే పడతాయి.

వెంకటదుర్గది ముమ్మిడివరం దగ్గర పల్లె. ముప్ఫై రెండేళ్ళు. ఫింతాస్‌లో ఒక కువైటీ ఇంట్లో ఆరేళ్ళుగా పని. ఎడమచెంప ఇంకా కందిపోయే ఉంది. నిన్న పొద్దున్న తొమ్మిదింటికి సులైబియా గోదాములో ఈమె బీరువా తాళ్ళు కోసి తలుపు తియ్యగానే ఖాసిం వలి శవం ఆమె మీదే పడింది. పక్కనే ఉన్న యజమానురాలు, ఇక్కడి పనివాళ్ళు అమ్మగారిని పిలిచే పిలుపులో మామా, భయంతో కెవ్వున అరిచి, ఆ భయాన్ని చేతిలోకి తెచ్చుకుని దుర్గ చెంప మీద దింపింది.

"ఫ్రాన్సు దగ్గర మొదలుపెట్టు. మంగళవారం సంగతి తర్వాత చెబుదువుగాని," అన్నాడు భీమేశ్వరరావు.

ఆమె తలెత్తి చూసింది. నిన్నటి నుంచి అందరూ మంగళవారమే అడిగారు గాని, ఫ్రాన్సు ఊసు ఎవరూ ఎత్తలేదు. మొదట మాటలు తడుముకుంది, తర్వాత ధారగా చెప్పుకుపోయింది. జూలై మొదటి నుంచి నలభై రోజులు. మామా, మామా చెల్లెలు, తను, బండి నడపడానికీ సామాను మొయ్యడానికీ డ్రైవరు సత్యప్రసాద్. ఏటి ఒడ్డున పల్లెలో రాతిగోడల పాత ఇల్లు అద్దెకి తీసుకున్నారు. పొద్దున్న ఎనిమిదికి లేచినా అడిగేవాళ్ళు లేరు. రోజుకో ఊళ్ళో సంత. తాళాలు లేని తాళంచెవులు, లేసు గుడ్డలు, పింగాణీ పళ్ళేలు, ఎప్పుడో పోయినవాళ్ళ పెళ్ళి ఫోటోలు కూడా బల్లల మీద పరిచి అమ్ముతారట. మామా ప్రతిదీ ఎత్తి చూసి, కింద పెట్టి, సంతంతా తిరిగొచ్చి మళ్ళీ అదే కొనేది. మధ్యాహ్నాలు పాత మేడలు చూడ్డానికి. ఒక మేడలో ముసలావిడ ఇల్లంతా తిప్పి చూపించి, దుర్గని కూడా మామా పక్కనే కుర్చీలో కూచోబెట్టి పీచ్ పళ్ళు కోసి పెట్టింది. ఆరేళ్ళలో మామా ఎదురుగా కుర్చీలో కూచోవడం అదే మొదలు, అదే ఆఖరు.

"అలాంటి రోజులు నా బతుక్కి మళ్ళీ రావండి బాబాయ్‌గారూ," అంది. సంతలో తిరిగి పళ్ళు తిన్నదాన్ని అంత సుఖంగా చెప్పుకునే మనిషిని తీసుకొచ్చి హత్య అంటగట్టారు.

చివరివారంలో ఒక కోట చూడ్డానికి వెళ్ళారు. అక్కడ అద్దాల పెట్టెలో ఆరు బంగారు డబ్బీలు ఉన్నాయి. అరచేతిలో ఇమిడేవి, మూతల నిండా వజ్రాలు. పూర్వం దొరలు పొడుం వేసుకునే డబ్బీలని చెప్పారట. పొడుం డబ్బీకి వజ్రాలేమిటని దుర్గకి నవ్వొచ్చి, దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకుంది. మూడో రోజున టీవీలో అదే కోట కనిపించింది. కాపలా ముసలాయన్ని ఇనపకడ్డీతో కొట్టి చంపి, ఆరు డబ్బీలూ ఎత్తుకుపోయారు.

"ఈ బీరువా ఎక్కడ కొన్నారు?"

"ఆ మర్నాడేనండి. మామాకి సత్యం అన్నయ్యే చూపించేడు, సంత చివర ఒకడు పెట్టుకుని అమ్ముతుంటేను."

ఈ మాట భీమేశ్వరరావు రాసుకున్నాడు గాని, కింద గీత గియ్యలేదు. అతని మనసు పరాయి దేశపు ముఠా మీద ఉంది. ఎవడో దొంగసొత్తు బీరువాలో పెట్టి పంపాడు, ఇక్కడ ఎవడో తీసుకోడానికి వచ్చాడు, ఖాసిం వలి అడ్డమయ్యాడు. కథ చక్కగానే కుదిరింది. దుర్గ ఆ కథలో ఎక్కడా లేదు.

ఇక మంగళవారం. టైములు ఒక్కొక్కటే రాబట్టాడు. సామాను సరిచూసి రమ్మని మామా పంపితే సత్యప్రసాద్ కారులో ఒంటిగంటా నలభైకి గోదాము చేరింది. పనివాళ్ళందరూ భోజనాలకి వెళ్ళారు. వడ్రంగి ఖాసిం వలి ఒక్కడే ఉన్నాడు. రాయచోటి మనిషి, నెమ్మదస్తుడు. ఆమె ఎదురుగానే ఫ్రాన్సువాళ్ళు బిగించిన నైలాన్ పట్టీలు కోసి బీరువా తెరిచి చూపించాడు. సీలలు వదులు చెయ్యడానికి కొయ్యసుత్తి అందించమంటే ఆమే అందించింది. దాని మీద ఆమె వేలిముద్రలు ఉన్నది అందుకే. రెండూ ఇరవైకి పింగాణీ సామాను లెక్క చూసుకొమ్మని ముందుగదిలో కూచోబెట్టాడు. ఆ గది ఏసీ రొదలో బయట పిడుగు పడ్డా వినపడదు. మూడూ అయిదుకి వచ్చి పిలిస్తే అతను పలకలేదు. నమాజుకి వెళ్ళాడనుకుని, మూడూ పదికి కారెక్కింది.

"ఈ బొబ్బ?" ఆమె కుడి అరచెయ్యి తిప్పి చూశాడు. చర్మం ఊడి నీరు కారుతోంది. నలుచదరంగా, నాలుగు మూలలూ గీసినట్టు ఉంది.

"సీటు బెల్టు బకిలండి. కారెక్కి పట్టుకున్నాను, చుర్రుమని అంటుకుపోయింది. తాడు లాగితే వచ్చిందంటున్నారండి వాళ్ళు."

సెప్టెంబరు ఎండకి ఇక్కడ ఇనుము అంత పనీ చేస్తుంది. భీమేశ్వరరావుకి ఆమె అబద్ధం చెప్పడం లేదని నమ్మకం కుదిరింది. కుదిరిన నమ్మకాన్ని అక్కడితో వదిలేసి లేచాడు. అదే అతను చేసిన తప్పు.

వరండాలో జావీద్ కాచుకుని ఉన్నాడు. హైదరాబాద్ మనిషి, నలభై ఏళ్ళు, ఎద్దు మెడ. గోదాము యజమాని పెట్టుకున్న సెక్యూరిటీ మేనేజరు. రెండేళ్ళ కిందట గోదాములో అగ్నిప్రమాదం క్లెయిము తప్పుడుదని భీమేశ్వరరావు రాసినప్పటి నుంచి ఇద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

"కేసు ఖలాస్, రావు సాబ్. ఖాసిమ్‌కు రాయచోటిల పెండ్లాం ఉన్నది, ఈమెకు తెల్వక ఎనకవడ్డది, తెలిసినంక కొట్టింది. సంతకం వెట్టి పో," అన్నాడు.

"ప్రేమలో దెబ్బతిన్న ఆడది వేళ్ళు లెక్కపెట్టి విరగ్గొట్టదు. వాణ్ణి ఎవడో ఏదో అడిగాడు."

జావీద్ ఒక అడుగు ముందుకి వేశాడు. నిన్న మార్చురీలో ఖాసిం వలిని కడిగింది అతనే. విరిగిన వేళ్ళు ఒక్కొక్కటీ సర్ది గుడ్డ చుట్టింది కూడా అతనే. ఆ సంగతి ఎత్తితే కొట్టేసేలా ఉన్నాడు.

భీమేశ్వరరావు అతన్ని దాటుకుని సత్యప్రసాద్ దగ్గరికి వెళ్ళాడు. రాజోలు వైపు కుర్రాడు, ముప్ఫై అయిదు దాటవు, మాట మెత్తన. నాలుగేళ్ళుగా ఎరిగినవాడు. భీమేశ్వరరావుకి కిడ్నీలో రాయి మెలితిప్పిన రోజున అబూ హలీఫాలోని గదికి వచ్చి, అమాంతం ఎత్తుకుని కిందికి దింపి ఆస్పత్రిలో చేర్పించింది ఈ సత్యమే. ఇంటి నుంచి కొబ్బరికాయలు వస్తే మొదటి రెండూ ఇతనికే ఇస్తాడు.

సత్యం చెప్పింది క్లుప్తంగా ఉంది, పనికొచ్చేలానూ ఉంది. కారు గోదాము పక్కగోడ వెంట పెట్టి, ఏసీ వేసుకుని లోపలే పడుకున్నాడు. గంటన్నరా దిగలేదు. మూడూ పదికి దుర్గ వచ్చింది. లేతరంగు చుడీదారు, చుక్క మరక లేదు. ఏడు దెబ్బలు కొట్టిన మనిషి మీద చుక్కైనా పడకుండా ఉంటుందా? పైగా గోదాము వెనక షట్టరు తెరిచే ఉంది. అటువైపు మొక్కల నర్సరీ, ఎవడైనా రావచ్చు, పోవచ్చు.

కేసు చూస్తున్న కువైటీ పోలీసు ఆఫీసరు పెద్దమనిషి. పెద్దగా వాదించలేదు. అంతా విని, మామాకి ఫోన్ చేసి, ఎప్పుడు పిలిస్తే అప్పుడు హాజరు పరుస్తానని ఆమె చేత చెప్పించుకుని, దుర్గని పంపడానికి ఒప్పుకున్నాడు. జావీద్ మాత్రం తలుపుకి అడ్డం నిలబడి, దాన్ని ఎక్కడికీ పంపొద్దు, ఇక్కడుంటేనే మంచిదని గొంతు పెంచాడు. భీమేశ్వరరావు అతని భుజం పట్టుకుని పక్కకి నెట్టేశాడు. ఓడిపోయినవాడి ఏడుపనుకున్నాడు గాని, ఎందుకన్నావని అడగలేదు.

పదకొండూ నలభైకి దుర్గ బయటికొచ్చింది. భీమేశ్వరరావే ఆమెని తీసుకెళ్ళి సత్యం కారు ముందుసీట్లో కూచోబెట్టాడు. కోటలో దిగిన ఫోటో ఇంటికెళ్ళగానే పంపమన్నాడు. ఖాసిం వలి తనతో మాట్లాడిన ప్రతి మాటా గుర్తు తెచ్చుకోమని ఆమెకీ, గుర్తుచెయ్యమని సత్యానికీ చెప్పాడు.

"మీరు చెప్పేక ఇంకేటండి గురువుగారూ, నేను చూసుకుంటాను కదా," అన్నాడు సత్యం.

*

సులైబియాలో గోదాము చేరేసరికి పన్నెండున్నర. పోలీసు టేపు సగం ఊడి నేల మీద పడి ఉంది. పనివాళ్ళకి సెలవిచ్చేశారు. భీమేశ్వరరావు లోపలికి రెండడుగులు వేశాడో లేదో వెనక నుంచి మెడ మీద చెయ్యి పడింది. జావీద్ వెంటే వచ్చాడు.

ఈ గోదాములో అతని మాట లేకుండా ఎవరూ దేనిమీదా చెయ్యి వెయ్యరట. భీమేశ్వరరావు చెయ్యి తోసేశాడు. జావీద్ అతని చొక్కా పట్టి రంపపు బల్లకేసి గుద్దాడు. నడుం దగ్గర ఇనపంచు దిగింది. పాత పోలీసు ఒళ్ళు కొన్ని సంగతులు మర్చిపోదు. మోచెయ్యి పక్కటెముకల్లోకి వెళ్ళింది, అరచెయ్యి గడ్డం కింద తగిలింది. జావీద్ నోట్లోంచి రక్తం వచ్చింది. ఉమ్మేసి మళ్ళీ వచ్చాడు. ఈసారి పిడికిలి భీమేశ్వరరావు కనుబొమ్మ మీద పడి చర్మం చీలింది. ఇద్దరూ రంపంపొట్టులో దొర్లి, ఊపిరి అందక, చెరో పక్కన కూలబడ్డారు.

"ఖాసిం నా తమ్ముని లెక్క. ఒక్క పళ్ళెంల తిన్నం," అన్నాడు జావీద్, నోరు తుడుచుకుంటూ.

"అయితే వాణ్ణి చంపింది ఎవరో చూద్దాం పద. నీకు కావలసింది ఎవరో ఒక దోషి కాదు కదా?"

జావీద్ మళ్ళీ అడ్డం రాలేదు.

బీరువా ఎనిమిదడుగుల ఎత్తు, నల్లబడిన వాల్‌నట్ చెక్క. లోపల రక్తం ఎండి పెచ్చులు కట్టింది. అడుగుపలక సీలలు ఊడదీసి ఉన్నాయి. భీమేశ్వరరావు పలక ఎత్తాడు. కింద జానెడు లోతు అర, అందులో నల్లటి స్పాంజి దిండు. దిండులో అరచేతులంత గుంటలు ఆరు. ఆరూ ఖాళీ.

డబ్బీలు వచ్చాయన్నమాట. వచ్చినవి చంపినవాడికి దొరకలేదు. దొరికి ఉంటే వేళ్ళు విరగ్గొట్టాల్సిన పని లేదు. అంటే ఖాసిం వలి ముందే తీసి ఎక్కడో పెట్టాడు, చెప్పకుండానే చచ్చిపోయాడు. తలతిప్పి చూస్తే జావీద్ ముఖంలో ఆశ్చర్యం లేదు. నిన్ననే చూసి ఉంటాడనుకున్నాడు.

తర్వాత తాడు. దుర్గ కోసేసిన ముక్కలు బీరువా పక్కనే పడి ఉన్నాయి. కొబ్బరితాడు. పక్క నర్సరీవాళ్ళు ఖర్జూరం చెట్లు కట్టుకునే చుట్టలోంచి తెచ్చింది. ఖాసిం వలి నైలాన్ పట్టీలు కోసేశాడు కాబట్టి, చంపినవాడు శవాన్ని లోపల కుక్కి, బీరువా ఇంకా విప్పలేదని అందరూ అనుకునేలా మళ్ళీ కట్టాడు. ఎవరూ లేనప్పుడు తిరిగొచ్చి వెతుక్కుందామనుకుని ఉంటాడు.

భీమేశ్వరరావు మోకాళ్ళ మీద కూచుని బీరువా పక్కచెక్క మీద వెలుతురు పడేలా ఫోన్ లైటు పట్టాడు. వందేళ్ళుగా మైనం పట్టించిన నల్లటి నునుపు మీద, తాడు వెళ్ళిన దారి పొడుగునా తెల్లటి చారలు. వేలితో రుద్దాడు, పోలేదు. మైనం లోపలికి నీరు దిగితే చెక్క అలా పాలిపోతుంది.

"ఏంది?" అన్నాడు జావీద్.

"తాడు తడిపి కట్టారు."

మూల చూశాడు. నీళ్ళ బకెట్. అందులో కొబ్బరిపీచు నూగు తేలుతోంది. ముడి ముక్క ఎత్తి చూశాడు. రెండు మెలికలు వేసి, కొసని వెనక్కి తిప్పి, మెలిక కిందనుంచి దూర్చిన ముడి.

"ఎండుతాడు జారుతుంది. నీళ్ళలో ముంచి కడితే పీచు పీచుని పట్టుకుంటుంది, ముడి కదలదు. ఈ పని మా వైపు కొబ్బరితోటల్లో చేస్తారు. పడవకి కాయలెత్తేటప్పుడు గోతాలు ఇలాగే కడతారు."

"నువ్వే చెప్తున్నవ్ కదా. మీ దిక్కుదే, మీ ముమ్మిడివరం పిల్ల. కట్టింది, చెయ్యి కోసుకున్నది."

భీమేశ్వరరావుకి కోపం వచ్చింది. లేచి నిలబడి అరిచినంత పని చేశాడు. "ఆ చేతిమీది బొబ్బ నేను చూశాను జావీద్. తాడు కోస్తే అడ్డంగా గీరుకుపోతుంది. అది నలుచదరంగా ఉంది, సీటు బెల్టు బకిల్ కొలతకి సరిగ్గా. ఆ పిల్ల కారెక్కి బకిల్ పట్టుకుంది, చెయ్యి కాలింది. గంటన్నర ఎండలో ఉన్న కారు..."

ఆగిపోయాడు.

"ఆగినవేంది? చెప్పు."

గంటన్నర ఏసీ వేసి ఉన్న కారులో బకిల్ చల్లగా ఉండాలి. చెయ్యి కాలిందంటే ఆ కారు కనీసం గంటసేపు ఆగి, ఎండలో మాడి ఉండాలి. లోపల మనిషి లేడు. ఉంటే ఉడికి చచ్చేవాడు.

ఆ మాట పైకి చెప్పాడు. సత్యం ఇచ్చిన సాక్ష్యం దుర్గకి ఎంత అక్కరకొచ్చిందో, సత్యానికీ అంతే వచ్చింది. ఆమె కారులో ఎక్కిందని అతను చెప్పాడు. అతను కారులో ఉన్నాడని చెప్పిందెవరు? అతనే. బీరువా మామాకి చూపించింది అతను. రాజోలు తోటల్లో గోతాలు కట్టి పెరిగింది అతను. ఖాసిం వలి తోలు ఏప్రన్ మంగళవారం నుంచి కనిపించడం లేదని పోలీసు కాగితంలోనే ఉంది. అది తొడుక్కున్నవాడి బట్టలకి మరక ఎందుకవుతుంది?

"మీ ఊరోడని అడగలే నువ్వు," అన్నాడు జావీద్ నెమ్మదిగా. "నన్నయితే వంద అడుగుదువు."

అందులో తప్పు లేదు. ఇరవై ఏళ్ళు పోలీసు ఉద్యోగం చేసినవాడు, మన వైపు యాసలో రెండు మెత్తని మాటలకీ, రెండు కొబ్బరికాయలకీ పడిపోయాడు. సిగ్గుతో ఒళ్ళు మండింది. అంతకన్నా భయం ఎక్కువైంది. ఖాసిం వలి నోరు విప్పకుండా పోయాడు. చనిపోయే ముందు అతనితో అరగంట మాట్లాడిన మనిషి ఒక్కతే ఉంది. సత్యం అడిగితే ఇప్పుడు ఆమెనే అడగాలి.

ఫోన్ చేశాడు. నాలుగో రింగుకి దుర్గ ఎత్తింది. గొంతు హాయిగా ఉంది.

"ఖైతాన్లో హోటలుకి తీసుకెళ్ళి బోయినం పెట్టించేడండి బాబాయ్‌గారూ. ఇప్పుడు గోదాముకే వస్తున్నాం, పింగాణీ సామాను తెచ్చీమందట మామా. ఖాసిం భాయ్ ఏవన్నాడో గుర్తు తెచ్చుకో, గుర్తు తెచ్చుకో అని దారంతా ఒకటే పోరండి. నాకేం తెలుసు, చెప్పండి."

స్పీకరు పెట్టి ఉంది. కారు ఏసీ హోరు, పక్కన ఎవరో చిన్నగా దగ్గడం వినిపిస్తున్నాయి. భీమేశ్వరరావు గొంతు మామూలుగా ఉంచాలని చూశాడు. తాను గోదాము దగ్గర లేనని, దారిలో బకాలా కొట్టు కనిపిస్తే ఆగి తనకో మంచినీళ్ళ సీసా కొనమని, దిగి తనే స్వయంగా కొనమని చెప్పాడు. ఒక్కసారి ఆమె కారు దిగితే చాలు.

"గేటు దగ్గరికి వచ్చేసేం కదండీ," అంది దుర్గ. "మీ కారు ఇక్కడే కనపడతంది."

బయట చక్రాల కింద కంకర చప్పుడైంది. ఒంటిగంటా ఇరవై రెండు.

తెల్లకారు గేటు దాటి ఆవరణలోకి వచ్చింది. భీమేశ్వరరావు షట్టరు దగ్గరికి పరుగెత్తాడు. చేతిలో తాడు ముక్క ఉందని అప్పటికి గాని గుర్తు రాలేదు. అద్దం వెనక సత్యప్రసాద్ చూపు ముందు అతని ముఖం మీద, తర్వాత కనుబొమ్మ మీది రక్తం మీద, తర్వాత తాడు మీద పడింది. చూసినంతసేపూ ఆ ముఖం ఏమీ మారలేదు. తలుపులు లాక్ పడిన చప్పుడు వినిపించింది. దుర్గ నవ్వుతూ చెయ్యి ఊపబోయి, సత్యం వైపు తిరిగింది.

జావీద్ అప్పటికే పక్కతలుపులోంచి బయటపడి గేటు వైపు ఉరికాడు. ఇనపగేటు ఒక రెక్క మూసి, రెండోది లాగుతున్నాడు. కారు వెనక్కే వచ్చింది, తిరగకుండా, ఇంజను గోల పెడుతూ. భీమేశ్వరరావు అరిచాడు. జావీద్ గేటు వదల్లేదు. కారు వెనకభాగం అతన్ని గేటురెక్కకి నొక్కేసింది. ఎముక విరిగిన చప్పుడు ఇవతలికి వినిపించింది. కారు ఒకడుగు ముందుకి కదిలి, మళ్ళీ వెనక్కి వచ్చి గుద్దింది. ఈసారి గేటు మడతబందు ఊడి రెక్కతో పాటు జావీద్ నేలకూలాడు.

భీమేశ్వరరావు డ్రైవరు వైపు అద్దం మీద పిడికిలితో కొట్టాడు. అద్దం పగల్లేదు, చెయ్యి పగిలింది. లోపల దుర్గ బెల్టు విప్పుకోవాలని గింజుకుంటోంది. సత్యప్రసాద్ ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూనే, రెండో చేత్తో ఆమె జుట్టు పట్టి తలని డాష్‌బోర్డుకేసి కొట్టాడు. ఒకసారి, రెండోసారి. ఆమె గింజుకోవడం ఆగిపోయింది. కారు గేటు దాటి, దుమ్ము లేపుకుంటూ సాల్మీ రోడ్డు వైపు వెళ్ళిపోయింది.

ఒకటీ ముప్ఫై. ఆఫీసరుకి ఫోన్ చేసి కారు నంబరు చెప్పాడు, అంబులెన్సు పిలిచాడు. జావీద్ కుడికాలు మోకాలి కింద నుంచి వేరే దిక్కుకి తిరిగి ఉంది. భీమేశ్వరరావు తన చొక్కా చించి తొడ దగ్గర బిగించి కడుతుండగా ఫోన్ మోగింది.

"గురువుగారూ, మీ మీద నాకేం కోపం లేదండి," అన్నాడు సత్యప్రసాద్. కిడ్నీలో రాయి నొప్పప్పుడు ఓదార్చిన గొంతే. "ఆ వస్తువులు తీసుకెళ్ళకపోతే నన్ను ఆ ముఠావాళ్ళు బతకనివ్వరు. ఖాసిం ఎక్కడ పెట్టేడో మీరే వెతకాలి. నాలుగింటికి ఫోన్ చేస్తాను. పోలీసుల చేత ఎత్తిస్తే ఇంక చెయ్యను. ఈలోపు దుర్గని అడుగుతుంటానండి."

"దానికేమీ తెలీదురా."

"ఖాసిం కూడా మొదట అలాగే అన్నాడండి."

ఫోన్ పెట్టేశాడు. భీమేశ్వరరావు ముడి బిగించి లేచాడు. గోదాము మొత్తం తిరగెయ్యాలి. పలకలన్నీ ఊడదియ్యాలి. రెండున్నర గంటలు. జావీద్ అతని పంట్లాం అంచు పట్టుకుని ఆపాడు.

"ఎతక్కు. ఈడ లెవ్వు."

భీమేశ్వరరావు మళ్ళీ కూచున్నాడు.

జావీద్ మధ్యమధ్య పళ్ళు కరుచుకుంటూ చెప్పాడు. మంగళవారం పొద్దున్న ఎనిమిదింటికే ఖాసిం వలి, పట్టీలు విప్పకుండానే బీరువా ఒరిగించి, వదులైన కిందిచెక్క ఊడదీసి డబ్బీలు చూశాడు. భయపడి, ఆరూ గుడ్డలో మూటకట్టి నేరుగా జావీద్‌కి తెచ్చి ఇచ్చాడు. జావీద్ పోలీసుల దగ్గరికి వెళ్ళాల్సింది, గోదాము యజమాని దగ్గరికి వెళ్ళాడు. పదేళ్ళుగా అన్నం పెట్టిన మనిషి, ఆయన చూసుకుంటాడనుకున్నాడు. ఆయన మూట తీసుకుని ఎవరితోనూ అనొద్దన్నాడు, నిన్న శవం దొరికాక పనిమనిషి మీద కేసు త్వరగా మూయించమని చెప్పాడు. దుర్గని స్టేషన్లోనే ఉంచమని జావీద్ గొంతు చించుకుంది ఆయన చెప్పాడనీ, బయట ఎవడో ఒకడు ఆ డబ్బీల కోసం తిరుగుతున్నాడని భయపడీ.

"ఆయన ఇప్పుడెక్కడున్నాడు?"

"నిన్న పొద్దుమీకి ఫ్లైట్ ఎక్కిండు. మూట ఆయన తోనే పోయింది." జావీద్ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, కాలి నొప్పికి కాదు. "నాలుగు వేళ్ళు ఇరగ్గొట్టిండు రావు సాబ్. ఒక్క మాట చాలు, జావీద్‌కిచ్చిన అంటే ఇడుస్తుండె. నా పేరు చెప్పలే వాడు."

ఖాసిం వలి దగ్గర చెప్పడానికి ఒక పేరుంది, ఉండి చెప్పలేదు. వెంకటదుర్గ దగ్గర అది కూడా లేదు. ఎంత అడిగినా, ఎలా అడిగినా, సత్యాన్ని ఆపడానికి పనికొచ్చే ఒక్క ముక్కా ఆమెకి తెలీదు. భీమేశ్వరరావు గడియారం చూశాడు. ఒకటీ నలభై ఒకటి.